జోకర్ వేషమే హీత్ లెడ్జర్‌ని మింగేసిందా? ఏకపాత్రాభినయానికి ఆయన దగ్గర ఏం నేర్చుకోవాలి?

నల్లకుంట_నాటకం
రీల్స్ తెరిస్తే చాలు, "గదిలో తలుపేసుకుని జోకర్ అయిపోయాడు, మళ్లీ బయటికి రాలేకపోయాడు" అని ఒకటే ఊదర. యాక్టింగ్ క్లాసుల్లో కూడా ఇదే కథ చెప్పి "నువ్వూ అలా మునిగిపోవాలి" అంటున్నారు. అసలు ఆ మనిషి చేసిన పనేంటో ఎవరూ చెప్పరు. ఏప్రిల్‌లో కాలేజీ పోటీ ఉంది. ఏకపాత్రాభినయం, ఐదు నిమిషాలు, జోకర్ వేషం. ఆడిటోరియంలో ఏసీ లేదు. బుగ్గల మీద గాట్లు ఎలా వెయ్యాలి, ఎంతసేపు పడుతుంది, మాట్లాడుతుంటే ఊడకుండా ఏం చెయ్యాలి? దుర్యోధనుడికి అలవాటైన గొంతు దీనికి పనికొస్తుందా?

సంధ్య_70ఎంఎం
ముందు ఆ "మింగేసింది" కథ సంగతి తేల్చేద్దాం. హాలీవుడ్ నటుడు లెడ్జర్ జోకర్ వేషం వేసిన బ్యాట్‌మన్ సినిమా డార్క్ నైట్ షూటింగ్ 2007 నవంబరుకల్లా అయిపోయింది. లెడ్జర్ చనిపోయింది 2008 జనవరి 22న, న్యూయార్క్‌లో, 28 ఏళ్లకి. అప్పటికి చేస్తున్నది టెర్రీ గిలియం సినిమా. నొప్పికి, నిద్రకి, ఆందోళనకి వేసుకునే మాత్రలు ఒంట్లో కలిసి ప్రాణం తీశాయని, అది ప్రమాదమేనని అక్కడి వైద్య పరీక్షాధికారి కార్యాలయం ఫిబ్రవరి 6న చెప్పింది. నిద్ర పట్టడం లేదని ఆయనే అంతకుముందు ఇంటర్వ్యూలో చెప్పుకున్నాడు. దాన్ని దెయ్యం పట్టిన కథలా మార్చడం ఆ మనిషికీ అన్యాయం, ఆయన పనికీ అన్యాయం. పిల్లలకి అది పాఠంగా చెప్పడం ఇంకా తప్పు.

ఆయన కెరీర్ వరస చూస్తే జోకర్ ఆకాశం నుంచి ఊడిపడలేదని అర్థమవుతుంది. పుట్టింది 1979లో, ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో. 1999లో హాలీవుడ్ హైస్కూలు కుర్రాడి వేషంతో పేరొచ్చింది, 2001కల్లా పోస్టర్ మీద ఒక్కడే నిలబడే హీరో. ఆ దారిలోనే పోతే డబ్బుకి కొదవ లేదు. కానీ అదే ఏడాది మాన్‌స్టర్స్ బాల్‌లో చిన్న వేషం, చీకటి వేషం ఒప్పుకున్నాడు. 2005లో బ్రోక్‌బ్యాక్ మౌంటెన్. దవడ బిగించి, పెదవులు కదలకుండా, మాటని లోపలే నమిలేసే మనిషి. దానికి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. 2006 జూలైలో జోకర్‌గా పేరు ప్రకటించగానే ఇంటర్నెట్‌లో "వీడా!" అని గోల. నోరు విప్పని పాత్రని అంత బాగా చేసినవాడికి నోటి మీద ఎంత పట్టుందో ఆ గోల చేసినవాళ్లు చూడలేదు.

చార్మినార్_చోటు
అదంతా సరే అన్నా. గానీ నెల రోజులు లండన్‌ల హోటల్ రూంల ఒక్కడే ఉన్నడు, డైరీ రాసిండు. అది మునుగుడు గాదా మరి?

సంధ్య_70ఎంఎం
@చార్మినార్_చోటు తమ్ముడూ, ఆ గదిలో ఏం చేశాడో ఆయనే చెప్పాడు: గొంతు వెతుక్కున్నాడు, నవ్వు వెతుక్కున్నాడు. మన పద్యనాటకం వాళ్లు చెరువు గట్టు మీద సాధన చేసేవాళ్లు, ఈయన హోటల్ గదిలో చేశాడు. ఆ డైరీ నోట్ బుక్కే. జోకర్ పేకముక్కలు, హైనా బొమ్మలు, క్లాక్‌వర్క్ ఆరెంజ్ సినిమా ఫొటోలు అంటించుకుని, ఏ విషయాలకి ఈ మనిషికి నవ్వొస్తుందో రాసుకున్నాడు. షాట్ల మధ్యలో అందరితో నవ్వుతూ సరదాగా ఉండేవాడని తోటి నటులే చెప్పారు.

చార్మినార్_చోటు
హాస్పిటల్ పేలే సీన్‌ల రిమోట్ పనిజెయ్యలేదు, అప్పటికప్పుడు కల్పించి చేసిండంటరు గదా. అంటే పాత్రల ఉన్నట్టే గదా.

ఫ్రేమ్_కట్
అది వట్టి పుకారు. చికాగోలో కూల్చేయబోతున్న పాత మిఠాయి ఫ్యాక్టరీ అది. నిజంగానే పేల్చారు, రెండో టేక్ అన్న మాటే లేదు. మొదటి వరస పేలుళ్లు, ఆగడం, తర్వాత పెద్దవి, అంతా ముందే లెక్క కట్టుకున్నారు. ఆయన ఆ ఆగిన క్షణంలో ఏం చెయ్యాలో తెలుసుకునే నడిచాడు. మందుగుండు వెనకాల పెట్టుకుని ఏ నటుడూ తోచినట్టు చెయ్యడు, చెయ్యనివ్వరు. బల్ల మీద నిలబెట్టిన పెన్సిల్ మీదికి జోకర్ ఒకడి తల కొట్టి, పెన్సిల్ మాయం చేసే సీన్ కూడా అంతే. తల బల్లకి తగిలే ముందే ఆ స్టంట్‌మ్యానే చేత్తో పెన్సిల్ పక్కకి ఊడ్చేస్తాడు. ముందు నెమ్మదిగా, తర్వాత అసలు వేగంతో రిహార్సల్ చేశారు. ఒక్క క్షణం చెయ్యి ఆలస్యమైతే కంట్లోకే.

నల్లకుంట_నాటకం
ఇదే కావాలి నాకు. @బ్రష్షు_డబ్బా గారు గాట్ల సంగతి చెప్పండి.

బ్రష్షు_డబ్బా
సినిమాలో వాడింది సిలికాన్ ముక్కలు. మొత్తం మూడు: రెండు బుగ్గలకి, ఒకటి కింది పెదవికి. జాన్ కాగ్లియోనీ, కానర్ ఓ సల్లివన్ వాళ్లది ఆ పని, ఆస్కార్‌కి నామినేట్ కూడా అయ్యారు. పాత పద్ధతిలో అయితే పొద్దున మూడు నాలుగు గంటలు కుర్చీలో కూర్చోవాలి, వీళ్లు గంట లోపే అతికించేవాళ్లు. రెండు పక్కల గాట్లు ఒకలా ఉండవు, ఒకటి నున్నగా మానినట్టు, ఇంకోటి చింపినట్టు. మీరు కూడా రెండూ ఒకేలా వెయ్యొద్దు, వేస్తే అద్దంలో బొమ్మలా ఉంటుంది.

మీకు సిలికాన్ అక్కర్లేదు. అచ్చు పోయాలి, కొలతలు తియ్యాలి, ఒక్క ప్రదర్శనకి దండగ. లిక్విడ్ లేటెక్స్ (ద్రవ రబ్బరు) 30 మి.లీ. సీసా, టిష్యూ పేపరు, కాస్త దూది, ప్రోస్‌ఎయిడ్ జిగురు చిన్న సీసా చాలు. కృష్ణానగర్, యూసుఫ్‌గూడ వైపు సినిమా మేకప్ సామాను అమ్మే కొట్లలో దొరుకుతాయి. జెలటిన్‌తో చేద్దామని ఎవరైనా చెప్తే ఒప్పుకోకండి, మన ఏప్రిల్ వేడికి చెమటతో కలిసి బుగ్గ మీదే జారిపోతుంది.

ముందు రోజు: మోచేతి లోపలి వైపు లేటెక్స్, జిగురు రెండూ చుక్క చుక్క పెట్టి 24 గంటలు చూడండి. ఎర్రబడితే, దురద పెడితే ఈ పద్ధతి వదిలెయ్యండి. గడ్డం ముందు రాత్రే గీసుకోండి. అప్పుడే గీసిన చర్మం మీద లేటెక్స్‌లోని అమ్మోనియా భగ్గుమంటుంది. గీసుకోకపోతే వెంట్రుకలతో సహా ఊడొస్తుంది.

ఆ రోజు: మొహం కడిగి, పూర్తిగా ఆరాక, పెదవి మూల నుంచి దవడ ఎముక పైదాకా జిగురు పల్చగా రాయండి. తెల్లగా ఉన్నది పారదర్శకంగా మారేదాకా ఆగాలి, ఆ ముందు ఏం అతికించినా జారుతుంది. దూదిని 3, 4 మిల్లీమీటర్ల మందాన పురి పెట్టి ఆ గీత మీద ఉంచండి. టిష్యూని కత్తిరించకుండా చేత్తో చింపి పైన కప్పండి, చింపిన అంచు చర్మంలో కలిసిపోతుంది, కత్తిరించిన అంచు గీతలా కనిపిస్తుంది. పైన లేటెక్స్ పూత, చల్లగాలి డ్రయ్యర్, మళ్లీ పూత. మూడు పూతలు చాలు. నాలుగోది వేస్తే బరువెక్కి వేలాడుతుంది.

అందరూ తప్పు చేసేది ఎక్కడంటే, నోరు మూసుకుని కూర్చుని వేయించుకుంటారు. మొదటి డైలాగ్‌కి నోరు తెరవగానే చర్మం సాగుతుంది, టిష్యూతో గట్టిపడ్డ లేటెక్స్ అంత సాగదు, మూల దగ్గర అంచు లేస్తుంది. సగం నవ్వులో, పళ్ల మధ్య వేలు పట్టేంత నోరు తెరిచి ఉంచి వేయించుకోండి. ఆరేదాకా అలాగే. విసుగే, కానీ ఊడదు. పెదవి మూలకి అర సెంటీమీటరు ఖాళీ వదిలి, ఆ ఖాళీని రంగుతో కలపండి.

వంకాయ_కోటు
ఊడడం గురించే ఒక మాట. లెడ్జర్ ఊరికే ఊరికే పెదవులు నాకుతాడు కదా, అదేదో పాము లక్షణమని పెద్ద పెద్ద విశ్లేషణలు రాశారు. అది మొదలైంది మేకప్ వల్లే. కింది పెదవి ముక్క మాట్లాడుతుంటే వదులయ్యేది, జారకుండా నాలుకతో సర్దుకునేవాడు. షాట్ ఆపి మళ్లీ అతికించుకుంటూ కూర్చోవడం కంటే అదే నయమనుకున్నాడు. పోనుపోనూ దాన్నే పాత్ర అలవాటుగా మార్చేసుకున్నాడు. ఆయనతో పనిచేసిన సంభాషణల శిక్షకుడు చెప్పిన సంగతి ఇది.

నల్లకుంట_నాటకం
అబ్బ! అయితే నేనూ నాకొచ్చా?

వంకాయ_కోటు
నాకొద్దు. మీకు పెదవి మీద ముక్క లేదు, అవసరం లేని చోట చేస్తే కాపీ కొట్టినట్టు తెలిసిపోతుంది. పైగా రంగు నోట్లోకి పోతుంది. మీ మేకప్ మిమ్మల్ని ఎక్కడ ఇబ్బంది పెడుతుందో రిహార్సల్‌లో చూడండి. బుగ్గ లాగుతుందా, చెమట కంట్లోకి కారుతుందా, కాలర్ గుచ్చుకుంటుందా? దాన్ని దాచకుండా పాత్రకి ఇచ్చెయ్యండి. అందుకే మేకప్‌తో కనీసం రెండు పూర్తి రిహార్సల్స్ ఉండాలి. వేషం వేసుకోవడం ప్రదర్శన రోజే మొదలైతే ఇవేవీ దొరకవు.

స్టేజి_లైట్లు
బ్రష్షు_డబ్బా గారితో ఒక్క విషయంలో ఏకీభవించను. కెమెరాకి అయితే లేటెక్స్ సరే. స్టేజీ మీద మూడో వరస దాటాక ఉబ్బెత్తు గాటు ఎవరికీ కనిపించదు, నీడ మాత్రమే కనిపిస్తుంది. ముదురు మెరూన్‌తో గీత, దాని కింద గోధుమరంగు నీడ, పై అంచున పల్చటి తెలుపు. వెనక బెంచీదాకా గాటులాగే ఉంటుంది. ఊడే గొడవే లేదు, పది నిమిషాల పని.

బ్రష్షు_డబ్బా
న్యాయమైన మాటే. కానీ కాలేజీ పోటీలో జడ్జీలు మొదటి వరసలోనే కూర్చుంటారు. ఉబ్బెత్తూ ఉండనివ్వండి, మీరు చెప్పిన నీడా వెయ్యనివ్వండి. మేకప్‌కి మనిషి దొరక్కపోతే మాత్రం ఒట్టి రంగే మేలు. సగం ఊడిన లేటెక్స్ కంటే చక్కగా గీసిన గీత నయం.

తెలుపు గురించి: నూనె ఉన్న క్రీము రంగు నేరుగా లేటెక్స్ మీద రాస్తే లేటెక్స్ మెత్తబడి అంచులు లేస్తాయి. అందుకని గాటు మీద జిగురులో కొంచెం యాక్రిలిక్ రంగు కలిపి పూత వేసి, పౌడరు అద్ది, ఆ తర్వాతే తెలుపు. కాగ్లియోనీ చేయించిన పని చాలా తేలిక: నుదురు గట్టిగా ముడవమన్నాడు, ఆ ముడతల మీద తెలుపు రాశాడు, వదలమన్నాడు. లోపలి గీతల్లో చర్మం రంగు మిగిలిపోతుంది, రోజుల తరబడి కడగని మొహంలా. కళ్లు మూయించి నలుపు, దాని మీద కాస్త నీళ్లు చిమ్మి, కళ్లు గట్టిగా చికిలించమంటే నలుపు దానంతటదే కిందికి కారుతుంది. కంటికి కంటికోసం చేసిన రంగే వాడండి, పోస్టర్ కలర్ వద్దే వద్దు. పాత నాటకాల పెట్టెలో అర్దళం అనే పాత మేకప్ రంగు ఉన్నా ముట్టుకోవద్దు, అందులో ఉండేది ఆర్సెనిక్.

ఈ వేషంలో చెమట మీకు మిత్రుడే. నుదుటి తెలుపు చెదిరితే ఇంకా బాగుంటుంది. కాపాడుకోవాల్సింది పెదవి మూలలు రెండే. అక్కడ చెమట తుడవకండి, టిష్యూతో అద్దండి. గ్రీన్ రూంలో టేబుల్ ఫ్యాన్ మొహానికి ఎదురుగా, మెడ వెనక ఐసు గుడ్డ. మొత్తం గంటన్నర పెట్టుకోండి: గాట్లకి 40 నిమిషాలు, మిగతా రంగులకి అరగంట, జుట్టుకి పది, ఏదైనా లేస్తే సర్దడానికి పది.

స్టేజి_లైట్లు
లైటు వాళ్లతో ముందే మాట్లాడుకోండి. తెల్ల మొహం మీద ఎదురు లైటు పూర్తిగా వేస్తే కళ్లూ నోరూ తప్ప ఏం మిగలదు. పక్క నుంచి 45 డిగ్రీల్లో వెయ్యమనండి, అప్పుడే ముడతలు పడతాయి. విలన్ కదా అని ఆకుపచ్చ లైటు వేస్తామంటారు, వద్దనండి. ఆకుపచ్చలో ఎరుపు నల్లబడిపోతుంది, మీ నోరు బొగ్గు పూసినట్టు ఉంటుంది.

నల్లకుంట_నాటకం
@డబ్బింగ్_గొంతు గారూ, గొంతు సంగతి?

డబ్బింగ్_గొంతు
దుర్యోధనుడి గొంతు పక్కన పెట్టండి, ఊపిరి మాత్రం ఉంచుకోండి. పొట్ట నుంచి గాలి లాగి వాక్యం చివరిదాకా ఆపుకోవడం దీనికీ కావాలి. కానీ దుర్యోధనుడు మాటని సభకి విసురుతాడు. జోకర్ మాటని దగ్గరికి పిలుస్తాడు, వినడానికి మనమే ముందుకి వంగాలి.

లెడ్జర్ గొంతులో ఒక స్థాయి ఉండదు. ఒకే వాక్యంలో సన్నగా పైకి వెళ్లి ఒక్కసారిగా కిందికి పడుతుంది. వెంట్రిలాక్విస్టు బొమ్మల (మనిషి పెదవులు కదపకుండా మాట్లాడించే బొమ్మల) గొంతు ఆయన మనసులో ఉందని చెప్పాడు. తెలుగులో ఇది చెయ్యడానికి ఒక చిక్కుంది. మన వాక్యం చివర క్రియ ఉంటుంది, అలవాటు కొద్దీ క్రియ దగ్గర గొంతు దించేస్తాం. అలా దించితే న్యూస్ చదివినట్టు వస్తుంది. క్రియకి ముందు ఆపండి. "ఈ ఊరికి నేను... నిప్పు పెట్టను. అగ్గిపెట్టె... ఇచ్చి వెళ్తాను." ఆగిన చోట నోరు కొంచెం తెరిచే ఉంచండి, క్రియని పైస్థాయిలో మొదలెట్టి చివరి అక్షరం మింగండి. మొదటి వాక్యంలో నెమ్మదిగా, రెండో దాంట్లో తటాలున. రెండుసార్లూ ఒకేలా ఆపితే మూడోసారికి జనం కనిపెట్టేస్తారు.

ఇంకోటి. గాట్లు అతికించాక ప, బ, మ, వ పలకడం మెత్తబడుతుంది, పెదవులు పూర్తిగా కలవవు. మేకప్ లేని రోజుల్లో రెండు పెదవి మూలల్లో మైక్రోపోర్ టేపు చిన్న ముక్కలు అంటించుకుని సాధన చెయ్యండి, మందుల షాపులో దొరుకుతుంది. మీ స్క్రిప్టులో పవర్గం అక్షరాలు గుంపుగా వచ్చే వాక్యాలుంటే మార్చుకోండి.

గొంతు బొంగురు చెయ్యడానికి కంఠం నొక్కొద్దు. దవడ వదులుగా, నాలుక వెనక భాగం కిందికి, శబ్దం ముక్కు వైపు. సాధన తర్వాత మాట రాపిడిగా ఉంటే తప్పు చేస్తున్నట్టే, ఆ రోజుకి ఆపెయ్యండి.

చార్మినార్_చోటు
నవ్వు సంగతి? జోకరంటే నవ్వే గదా.

డబ్బింగ్_గొంతు
నవ్వుని తక్కువ వాడాడు, అదే ఆయన గొప్ప. ఐదు నిమిషాల్లో రెండుసార్లు చాలు. ఒకటి ఎవరూ నవ్వని చోట, ఒకటి ఏడవాల్సిన చోట. గాలి బయటికి పోతూ నవ్వితే మామూలు నవ్వు. చివర్లో గాలి లోపలికి పీలుస్తూ ఒక్కటి కలిపితే ఒళ్లు జలదరిస్తుంది. ఎక్కువ పీలిస్తే దగ్గొస్తుంది, జాగ్రత్త.

పాత_కామిక్కులు
ఏ జోకరో ముందు తేల్చుకోవాలి. 1940లో మొదటి బ్యాట్‌మన్ సంచికలో వచ్చినప్పటి నుంచి ఎంతోమంది చేతుల్లో మారాడు. 1966 టీవీ సిరీస్‌లో సీజర్ రొమేరో మీసం తియ్యనని మొండికేస్తే దాని మీదే తెల్లరంగు పూశారు, దగ్గరి షాట్లలో తెలుస్తుంది. 1989లో జాక్ నికల్సన్‌కి నవ్వు మొహానికే అతికించారు. నోరు ఎప్పుడూ నవ్వుతుంటే కోపం, విసుగు అన్నీ కళ్లతోనే చెప్పాలి. 2019లో వాకీన్ ఫీనిక్స్ సుమారు 24 కిలోలు తగ్గాడు, గాట్లే లేవు, ఉత్త సర్కస్ రంగు. పోటీ కోసం తిండి మానేసే పని ఎవరూ పెట్టుకోకండి, ఆయన డాక్టరు పర్యవేక్షణలో చేశాడు. లెడ్జర్‌కీ ఫీనిక్స్‌కీ ఇద్దరికీ ఆస్కార్ వచ్చింది, ఒకే పాత్రకి. దారులు మాత్రం పూర్తిగా వేరు.

ఫ్రేమ్_కట్
152 నిమిషాల సినిమాలో లెడ్జర్ కనిపించేది అరగంట పైచిలుకే. మిగతా సేపు జనం ఆయన కోసం ఎదురుచూస్తారు. ఐదు నిమిషాలు మీరే స్టేజీ మీద ఉంటారు కాబట్టి ఆ ఎదురుచూపు మీ స్క్రిప్టులోనే ఉండాలి. మొదటి అర నిమిషం వీపు తిప్పి నిలబడండి, గాట్లు చూపించకండి.

వంకాయ_కోటు
స్క్రిప్టు విషయం. సినిమా డైలాగులు తెలుగులోకి దించొద్దు, డబ్బింగ్ సినిమాలా ఉంటుంది. తీసుకోవాల్సింది కథ కట్టే తీరు. గాట్లు ఎలా వచ్చాయో రెండుసార్లు చెప్తాడు, రెండూ వేరు వేరు కథలు. అబద్ధమని మనకి తెలిసినా రెండోసారీ నమ్మేస్తాం. ఏకపాత్రకి అంతకన్నా మంచి సరుకు ఏముంది? ఒక కథ అమ్మ గురించి, ఇంకోటి కాలేజీ గురించి రాసుకోండి. రెండూ నిజమనుకునే చెప్పండి. ఇది అబద్ధం అని కన్ను గీటారంటే అయిపోయింది.

భుజాలు ముందుకి వంచి, తల కొంచెం కిందికి, కళ్లు పైకి. నడకలో ఒక కాలు అర అడుగు వెనక. చేతులు ఊపొద్దు. మన పౌరాణికంలో చెయ్యి పైకెత్తితేనే అధికారం, ఇక్కడ చెయ్యి కదిలిస్తే బలం పోతుంది.

చార్మినార్_చోటు
ఒప్పుకుంటున్న. మునిగుడు గాదు, పనే. గానీ గింత పనిజేస్తే మనసు మీద పడకుంటదా?

డబ్బింగ్_గొంతు
పడుతుంది తమ్ముడూ, అందుకే బయటికి వచ్చే పద్ధతి కూడా సాధనలో భాగం కావాలి. రిహార్సల్ అవ్వగానే కోటు విప్పి, మొహం కడిగి, సొంత గొంతుతో ఎవరితోనైనా ఐదు నిమిషాలు మాట్లాడాలి. నిద్ర పాడైతే రిహార్సల్స్ తగ్గించాలి. నిద్ర రాకపోవడం నటనకి కొలమానం కాదు. అది వారాల తరబడి సాగితే డాక్టరు దగ్గరికి వెళ్లాలి, మెడికల్ షాపులో అడిగి మాత్రలు తెచ్చుకోకూడదు.

నల్లకుంట_నాటకం
గాట్లు, నీడ రెండూ వేయిస్తున్నా. స్క్రిప్టు మొదటి కథ రాసేశాను, క్రియలన్నీ వెనక్కి నెట్టి చదువుతుంటే నిజంగానే వేరేలా ఉంది. చివరి ప్రశ్న: ప్రదర్శన అయ్యాక ఇదంతా తియ్యడం ఎలా? మర్నాడు పొద్దున్నే ఇంటర్నల్ పరీక్ష ఉంది.

బ్రష్షు_డబ్బా
లాగొద్దు. కొబ్బరినూనె దూదికి బాగా పట్టించి ముందు రంగు మొత్తం తీసెయ్యండి, కళ్ల చుట్టూ చివర్లో. తర్వాత గాటు అంచుల మీద నూనె పెట్టి ఐదు నిమిషాలు ఆగండి. లేటెక్స్ మెత్తబడ్డాక చెవి వైపు అంచు నుంచి వేలితో చుట్టుకుంటూ పెదవి వైపు రండి. ఎక్కడైనా పట్టేస్తే మళ్లీ నూనె, మళ్లీ ఆగడం. మిగిలిన జిగురు కూడా నూనెకే వస్తుంది, గోకొద్దు. ఆకుపచ్చ హెయిర్ స్ప్రే అయితే మొదటి తలస్నానానికి సగమే పోతుంది, రెండోది కూడా ఆ రాత్రే చేసెయ్యండి, లేకపోతే దిండుకి అంటుతుంది. మొహానికి సబ్బు వీటన్నిటి తర్వాతే.